వెబ్‌సైటులో పెట్టిన భోజనం పిలుపు

గంగరాజు గారికి భయం కొత్త కాదు. బల్లి అంటే భయం, రిజిస్ట్రారాఫీసంటే భయం, మోగే ఫోనంటే భయం, మోగని ఫోనంటే ఇంకా భయం. ఒకసారి పెళ్ళికి వెళ్తూ చెప్పులు పోతాయేమోనని భయపడి వట్టి కాళ్ళతో వెళ్ళి, మండువేసవిలో అరికాళ్ళు కాల్చుకుని, వడ్డన జరిగినంతసేపూ ఒకసారి ఈ కాలి మీదా, ఒకసారి ఆ కాలి మీదా నిలబడ్డారు. పెళ్ళివారు ఆయన ఏదో మొక్కులో ఉన్నారనుకుని నమస్కారం కూడా పెట్టారు.

"మా ఆయనకి ధైర్యం లేదని ఎవరండీ అన్నది? ఇన్ని భయాలు నెత్తినెట్టుకుని తిరగడానికి ఎంత గుండె కావాలి!" అనేది ఆయన భార్య కామేశ్వరి గారు.

అయితే ఈ భయాలన్నిటికీ పెద్దన్న ఒకటుంది. దాని పేరు సత్తిరాజు గారు.

గంగరాజు గారిది ఆత్రేయపురం పక్క ఊరు. ఆ చుట్టుపక్కల పేరంతా పూతరేకులదే. మామిడి తాండ్ర వాటి పక్కన తోడిపెళ్ళికూతురులా నిలబడుతుంది. అందరూ చూస్తారు, పేరు మాత్రం ఎవరూ అడగరు. గంగరాజు గారు చేసేది ఆ తాండ్ర. మొదట్లో ఆయన కొబ్బరి రైతు. తొంభై ఆరు తుఫానుకి తోటలో చెట్లన్నీ ఒకే దిక్కుకి తల పెట్టి పడుకున్నాయి. కొబ్బరి చెట్టు మళ్ళీ కాపుకి రావాలంటే ఏళ్ళు పడుతుంది, కడుపుకి మాత్రం మర్నాటికే ఆకలేస్తుంది. ఆ వచ్చిన వేసవికి కామేశ్వరి గారు పుట్టింట నేర్చుకున్న తాండ్ర పని మొదలుపెట్టింది. మామిడిపళ్ళ రసం తీసి, పంచదార కలిపి, తాటాకు చాపల మీద పలచగా పూసి ఎండబెట్టాలి. మర్నాడు దాని మీద ఇంకో పొర. అలా పొర మీద పొర, ఎండ మీద ఎండ. మబ్బు కనిపిస్తే చాపలెత్తుకుని పరుగో పరుగు. మబ్బంటే ప్రాణం గిలగిల్లాడే మనిషికి దొరక్క దొరక్క ఆ పనే దొరికింది.

చేయడమైతే చేశారు, కొనేదెవరు? ఊరంతా కూలిన చెట్ల మధ్య కూర్చుని ఉన్న ఆ రోజుల్లో, గతుకుల్లో వ్యాను దింపుకుని గుమ్మంలోకి వచ్చిన ఒకే ఒక్క మనిషి సత్తిరాజు గారు. రావులపాలెంలో మిఠాయి సరుకుల వ్యాపారం ఆయనది. చాప అంచు తుంచి నోట్లో వేసుకుని, "బాగుందండీ. ఎంతుంటే అంతా నాకేనండీ," అన్నారు. అంతే. ఆ తరువాత పదేళ్ళపాటు ప్రతి వేసవిలోనూ ఆయన వ్యానే వచ్చింది. తాండ్ర ఆయన డబ్బాల్లోకి వెళ్ళేది, డబ్బా మీద ఆయన పేరే ఉండేది. హైదరాబాదు షాపుల్లో తిన్నవాళ్ళు సత్తిరాజు గారి తాండ్ర తిన్నామనుకునేవారు.

సత్తిరాజు గారు చెడ్డవాడైతే ఏ చిక్కూ ఉండేది కాదు. చెడ్డవాణ్ణి తిట్టుకోవచ్చు. ఆయన మర్యాదస్తుడు. కోపమొచ్చినా గొంతు పెరగదు, 'అండీ'లు పెరుగుతాయి. మామూలు రోజున మాటకో 'అండీ' అయితే, కోపం వచ్చిన రోజున ముక్కకో 'అండీ' పడుతుంది. ఒక ఏడు తాండ్రలో ఈగ కాలు కనబడిందని, "ఇదేంటండీ, గంగరాజుగారండీ, చూడండి, ఈగండీ," అన్నారు. ఆ నాలుగు 'అండీ'లకి గంగరాజు గారికి జ్వరం వచ్చింది. ఉన్న ఒక్క కొనుగోలుదారూ మొహం తిప్పుకుంటే ఇన్ని చాపల తాండ్రని ఏ గోదాట్లో కలుపుకోవాలన్నది ఆయన బెంగ.

అలాంటి ఇంట్లోకి రెండువేల ఆరు వేసవి ముందు శారోన్ వచ్చింది. ఊరి బళ్ళో ఒకప్పుడు చదువు చెప్పిన దీనమ్మ టీచరు గారి కూతురు. కొత్తపేటలో కంప్యూటర్ సెంటరు నడుపుతోంది. ఢిల్లీలో ఉన్న అక్కకి తాండ్ర పంపడానికి వచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతూ అడిగింది.

"బాబాయి గారూ, మా అక్క పక్కింటివాళ్ళు మీ తాండ్ర తిని ఎక్కడ దొరుకుతుందని అడిగేరంట. ఏం చెప్పమంటారు?"

"సత్తిరాజు గారిదని చెప్పమ్మా."

"చేసేది మీరూ పిన్నిగారూ కదండీ?"

"చేయడం మాదేనమ్మా. పేరు ఆయనది."

"అందుకేనండీ, మీకంటూ ఒక వెబ్‌సైటు ఉండాలి. తిన్నవాడు తిన్న చోటు నుంచే మిమ్మల్ని వెతుక్కుంటాడు. బెజవాడ వాడైనా, బొంబాయి వాడైనా. కొట్టుకైతే తాళం వేస్తాం గానీ, దానికి రాత్రీ పగలూ తలుపు తెరిచే ఉంటుంది."

"తలుపు తెరిచి ఉంటే దొంగలు రారా అమ్మా?" అన్నారు గంగరాజు గారు.

శారోన్ నవ్వింది. కామేశ్వరి గారు మాత్రం నవ్వలేదు. ఆవిడ చాప అంచు సరిచేస్తూ, "మా తాండ్ర తిన్న మొహం ఒక్కటైనా చూసేమా అమ్మా మేము? వ్యాను ఎక్కేదాకానే అది మాది. బాగుందో, పులిసిందో, పారేసేరో! పదేళ్ళయింది, ఒక్క కబురు లేదు. పెట్టెయ్యమ్మా ఆ సైటేదో," అంది.

"సత్తిరాజు గారు చూస్తే?"

"ఆయనకి కాలిక్యులేటరే నొక్కడం రాదు. కంప్యూటరేం చూస్తారండీ?"

"వాళ్ళమ్మాయికి వచ్చు కదే..." అని గంగరాజు గారు అంటూనే ఉన్నారు. అప్పటికే శారోన్ సంచిలోంచి కెమెరా తీసింది. ఆయన రేషన్ కార్డుకి నిలబడ్డట్టు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. అందువల్ల ఫోటోలో మనిషి ఉన్నదానికి రెండింతలు లావుగా పడ్డారు.

"మీ గురించి నాలుగు ముక్కలు చెప్పండి, రాసుకుంటాను," అంది శారోన్.

గంగరాజు గారికి తెలిసిన రాత ఒక్కటే, ఉత్తరం. అందుకని ఉత్తరంలాగే చెప్పారు. అయ్యలకూ అమ్మలకూ నమస్కారాలు, ఇక్కడ మేమంతా క్షేమం, మా తాండ్రలో రంగులు గట్రా ఏమీ కలపము అని చెప్పి, ఉత్తరం చివర ఏ మర్యాదస్తుడైనా రాసేదే రాయించారు: 'తమరు ఇటు వైపు వచ్చినచో మా ఇంట భోంచేయకుండా వెళ్ళరాదని మనవి.' కింద ఇంటి గుర్తులు, ఫోన్ నంబరు.

మరో సీమ పిల్లయితే ఇక్కడ పెన్ను ఆపేదేమో. శారోన్‌దీ ఈ నేలే. ఆమెకి అందులో వింతేమీ కనబడలేదు. ఉన్నదున్నట్టు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఎక్కించేసింది.

సైటు చూడ్డానికి గంగరాజు గారు ఒకసారి కొత్తపేట వెళ్ళారు. తెర మీద తన మొహం ప్రత్యక్షం కాగానే ఆయన చేయి దానంతటదే చొక్కా పై గుండీ పెట్టేసుకుంది. "ఇది ఇప్పుడు అందరికీ కనబడుతుందా అమ్మా?" అని గుసగుసగా అడిగారు. ఆయ్, అందరికీనండీ, అంది శారోన్. ఆ రోజు నుంచి ఆయన రోడ్డు మీద ఎవరైనా తేరిపార చూస్తే చాలు, వీడు చూసేశాడు, ఇక సత్తిరాజు గారికి చెప్పేస్తాడు అనుకుని సైకిలు సందులోకి తిప్పేసేవారు.

మే నెల. మొదటి విడత తాండ్ర కోతకొచ్చింది. ఆదివారం సాయంత్రం వ్యాను పంపిస్తానని సత్తిరాజు గారు కబురు చేశారు. ఆ మర్నాడే ఫోను మోగింది. శారోన్.

"బాబాయి గారూ, శుభవార్తండి! నాగపూర్ నుంచి మనవాళ్ళు మెయిల్ పెట్టేరు. బస్సు కట్టించుకుని అంతర్వేది, అయినవిల్లి, వాడపల్లి అన్నీ చూసుకుంటూ వస్తున్నారంట. ఆదివారం మధ్యాహ్నానికి మీ ఇంటికి వచ్చి, తాండ్ర పూయడం చూసి, కొనుక్కుని వెళ్తారంట. ఇంకా..." ఇక్కడ శారోన్ గొంతు కాస్త తగ్గింది. "భోజనానికి పిలిచినందుకు ధన్యవాదాలు అని రాసేరండీ."

గంగరాజు గారు ఫోను పెట్టేసి నేల మీద చతికిలబడ్డారు.

"బస్సే! బస్సు నిండా వస్తున్నారే కామేశ్వరీ!"

"రానీండి. పిలిచింది మనమే కదా."

"ఆదివారం వస్తున్నారే! సత్తిరాజు గారి వ్యానూ ఆ రోజే కదే!"

అప్పుడు కామేశ్వరి గారి చేతిలో అట్లకాడ కూడా ఒక్క క్షణం ఆగింది.

రావద్దని బస్సువాళ్ళకి చెప్పడం ఎలా? పిలిచిన నోటితో వద్దనడం ఆ ఇంటా వంటా లేదు. పోనీ వ్యాను మరో రోజు పంపమంటే? ఎందుకండీ అని ఆయన అడుగుతారు. ఆ ఒక్క 'ఎందుకండీ'కి గంగరాజు గారి దగ్గర జవాబు లేదు. రెండు రోజులు అన్నం సహించలేదు. మూడో నాడు తనే ఫోను తీసి, చెమటలు కక్కుతూ, "ఆదివారం మా ఇంట్లో సత్యనారాయణ వ్రతమండీ, బంధువులొస్తున్నారు, వ్యాను కాస్త పొద్దుపోయేక..." అన్నారు. సత్తిరాజు గారు సరేనన్నారు. ఫోను పెట్టాక ఇంకో భయం పట్టుకుంది. దేవుడి పేరు మీద అబద్ధమాడాను, ఆయన ఊరుకుంటాడా అని. ఇదీ గంగరాజు గారి పద్ధతి. ఒక భయాన్ని తప్పించుకోవడానికి ఇంకో భయాన్ని ఇంటికి తెచ్చుకుంటారు.

ఆదివారం పెరట్లో గాడిపొయ్యి తవ్వారు. పనసపొట్టు కూర, ముద్దపప్పు, కొత్తావకాయ, గుమ్మడికాయ పులుసు. ఇరుగమ్మలూ పొరుగమ్మలూ చేతులు కలిపారు. బస్సు రానే వచ్చింది. పెద్దవాళ్ళూ పిల్లలూ దిగి, చాపల చుట్టూ తిరిగి, రసం పూయడం చూసి, ఫోటోలు తీసుకుని, పందిట్లో ఆకుల ముందు కూర్చున్నారు. పొద్దుపోయేదాకా బోలెడు టైముంది కదా అని గంగరాజు గారు ఆ వారంలో మొదటిసారి ఊపిరి వదిలి, నేతిగిన్నె చేత పట్టుకున్నారు.

వీధిలో హారన్ మోగింది. ఆ హారన్ ఆయనకి పదేళ్ళుగా తెలుసు.

సత్తిరాజు గారు వ్యాను దిగి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, లోపలికొచ్చారు. "వ్రతం కదండీ, ప్రసాదం తీసుకుందామని ముందే బయల్దేరేను," అన్నారు. పందిట్లో బారులు తీరిన ఆకులు చూశారు. వడ్డించే చేతులు చాలడం లేదని కూడా చూశారు. వెంటనే కండువా నడుముకి బిగించి, పప్పు గిన్నె అందుకున్నారు. విస్తళ్ళ ముందు జనం కూర్చుని ఉంటే చేతులు కట్టుకుని నిలబడే మనిషి ఈ గోదారి పాయల మధ్య పుట్టలేదు.

"వ్రతం అన్నారు, పీటా కలశం ఎక్కడా కనబడవేంటండీ?" అన్నారు పప్పు వడ్డిస్తూ.

"అ... అయిపోయిందండీ."

"వీళ్ళంతా మీ బంధువులేనాండీ?"

"ఆయ్. దూరపు..."

సరిగ్గా అప్పుడే చివరి ఆకు ముందున్న ముసలావిడ తలెత్తింది. "బాబూ, నువ్వేనా గంగరాజువి? ఇంటర్నెట్టులో ఫోటో చూసి ఇంకా లావుగా ఉంటావనుకున్నాను నాయనా!"

గంగరాజు గారి చేతిలో నేతిగిన్నె వంగింది. వంగింది వంగినట్టే ఉండిపోయింది.

"మా మనవరాలు చదివి వినిపించింది," అంటోంది ఆవిడ సంతోషంగా. "భోంచేయకుండా వెళ్ళరాదని రాశావు చూడు, అప్పుడే అనుకున్నాను, వెళ్తే ఈ ఇంటికే వెళ్ళాలని. హైదరాబాదులో మా చెల్లెలింట్లో తిన్నాను, చూడ్డానికి సరిగ్గా ఇలాంటి తాండ్రే. డబ్బా మీద మరెవరిదో పేరు, సత్తిరాజట. బాగుందని ఒక ముక్క రాద్దామంటే ఆ మహానుభావుడు ఊరి పేరైనా వేయించలేదు."

పందిట్లో అందరూ తింటూనే ఉన్నారు. ఆవిడ ఆకులో నెయ్యి అన్నం మీంచి కూరలోకీ, కూరలోంచి పక్కావిడ ఆకులోకీ పాకుతోంది.

"నెయ్యి ఆపండీ గంగరాజుగారండీ," అన్నారు సత్తిరాజు గారు చాలా మెత్తగా. తరువాత ముసలావిడ వైపు వంగి, "మరికాస్త పప్పు వేయించుకోండమ్మా," అన్నారు.

జనం ఆకుల ముందుండగా తగువాడకూడదు. అది ఇద్దరికీ తెలుసు. చేతులు కడుక్కునేదాకానే ఆ రక్ష. అది తెలిసిన గంగరాజు గారు, ఇక ఎవర్నీ లేవనివ్వలేదు. పులుసయ్యాక మళ్ళీ కూర తెచ్చారు. పెరుగయ్యాక మళ్ళీ పప్పు తెచ్చారు. "ఒక్క ముద్దండీ, నా మాట కాదనకండీ," అని కళ్ళనీళ్ళు పెట్టుకుని బతిమాలుతూ ఉంటే, ఏం మర్యాద, ఏం ఆప్యాయత అని నాగపూర్ వాళ్ళు కరిగిపోయారు. ఒకాయన నడుముకున్న బెల్టు తీసి పక్కన పెట్టేశాడు.

ఎంత వడ్డించినా కడుపులకి ఒక హద్దుంటుంది. చివరికి అందరూ లేచారు. కామేశ్వరి గారు తాండ్ర ముక్కలు పళ్ళెంలో పెట్టి తెచ్చింది. ముసలావిడ ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. నమల్లేదు, చప్పరిస్తూ అలాగే నిలబడింది. కాసేపటికి, "మా అమ్మ చేసినట్టుంది," అంది. కామేశ్వరి గారు ఆ మొహం కేసి చూస్తూ పళ్ళెం పట్టుకోవడమే మరిచిపోయింది.

గంగరాజు గారూ చూశారు. కానీ అప్పటికే సత్తిరాజు గారు ఆయన్ని గడ్డిమేటు వెనక్కి పిలిచారు.

"తుఫాను యేడు ఈ గుమ్మంలోకి ఎవరొచ్చేరండీ?"

"మీరేనండీ."

"పదేళ్ళలో ఒక్కసారైనా మీ సరుకు వద్దన్నానాండీ? నాతో ఒక్క మాట చెప్పకూడదాండీ? వ్రతం అంటారాండీ?"

గంగరాజు గారికి చెప్పాలనుకున్నవి చాలా ఉన్నాయి. మిమ్మల్ని మోసం చేద్దామని కాదని, తిన్నవాళ్ళ మొహం చూడాలని మా ఆవిడ ముచ్చటపడిందని. నోటికి వచ్చింది మాత్రం ఇది: "భోంచేసి వెళ్ళండి."

సత్తిరాజు గారు కండువా విప్పి దులిపి భుజాన వేసుకున్నారు. వ్యాను వచ్చినదారినే ఖాళీగా వెళ్ళిపోయింది. ఆ ఇంట్లోంచి ఆయన తినకుండా వెళ్ళడం అదే మొదలు.

నాగపూర్ వాళ్ళు కొన్నంత కొన్నారు. అయినా మిగిలిన సరుకు ఇంటిదూలాల దాకా ఉంది. పదేళ్ళుగా ఏది జరుగుతుందని భయపడ్డారో అది జరిగేపోయింది. సాయంత్రం ఆకాశాన మబ్బు లేచింది. గంగరాజు గారు అరుగు మీంచి కదల్లేదు. "చాపలెత్తరా?" అంది కామేశ్వరి గారు. "ఎవరి కోసమే?" అన్నారు. ఆవిడ తనే పరిగెత్తి ఎత్తింది. రెండో చాపకి ఆయన కూడా లేచారు. చాపలు తడవలేదు.

నాలుగు రోజుల తరువాత ఫోను మోగింది. ఎత్తాలంటే భయం. కామేశ్వరి గారు కళ్ళురిమితే ఎత్తారు.

"నాగపూర్ ముసలావిడ మనవరాలు మీ సైటు తెలిసినవాళ్ళందరికీ పంపించిందండీ," అంది శారోన్. "పూనా నుంచి ఒకావిడ, భిలాయి నుంచి ఇద్దరు, బెంగుళూరు నుంచి ఒకాయన అడుగుతున్నారు. బెంగుళూరాయనకి షుగరంట, తీపి తగ్గించి చేస్తారా అంటున్నారండీ."

తీపి తగ్గించమని పదేళ్ళలో ఎవరూ చెప్పలేదు. ఎవరు తింటున్నారో తెలిస్తే కదా! కామేశ్వరి గారు పంచదార బాగా తగ్గించి ఒక చాప పూసింది. మొదటి పార్సెల్‌కి గంగరాజు గారు దారిలో విరిగిపోతుందని భయపడి ఎన్ని గోనెలు చుట్టారో, విప్పడానికి కత్తిపీట తెచ్చుకోవలసి వచ్చిందని పూనా ఆవిడ రాసింది. ఆ కిందనే తాండ్ర బాగుందనీ, ఇంకా కావాలనీ రాసింది. శారోన్ అది చదివి వినిపిస్తే గంగరాజు గారు మళ్ళీ మళ్ళీ చదివించుకున్నారు. వానలు ముదిరేసరికి దూలాల కింద ఖాళీ కనబడింది. మధ్యలో ఒక మంచిరోజు చూసి నిజంగానే వ్రతం కూడా చేయించేశారు, ఆ బాకీ ఎందుకని.

అయినా రావులపాలెం వెళ్ళాల్సివస్తే సత్తిరాజు గారి కొట్టున్న వీధి తప్పించి, చుట్టు తిరిగి వెళ్ళేవారు. ఆ భయం మాత్రం ఏ పార్సెల్‌తోనూ పోలేదు. అది సరుకు గురించిన భయం కాదని ఆయనకి మెల్లగా తెలిసింది.

భోజనం మాట సైటులోంచి తీసేద్దామా అని శారోన్ అడిగింది. "పిలిచినవాళ్ళం, వద్దంటే ఎలా అమ్మా?" అన్నారు. చివరికి 'వచ్చే ముందు ఫోను చేయగలరు' అని చేర్పించి సరిపెట్టుకున్నారు.

మళ్ళీ వేసవి. చాపల మీద మూడో పొర ఆరుతోంది. మిట్టమధ్యాహ్నం గేటు ముందు స్కూటరు ఆగింది. వ్యాను కాదు. సత్తిరాజు గారు ఒక్కరే. గంగరాజు గారు పెరటి దారి వైపు చూశారు. ఆ దారిలో కామేశ్వరి గారు నిలబడి ఉంది.

సత్తిరాజు గారు గేటు తీయలేదు. అవతలే నిలబడ్డారు.

"మా అమ్మాయి కంప్యూటర్లో చూపించింది," అన్నారు. "ఇటు వైపు వస్తే భోంచేయకుండా వెళ్ళరాదని ఉంది. ముందు ఫోను చెయ్యమని కూడా ఉంది. నేను చెయ్యలేదు. ఎత్తుతారో లేదోనని భయమేసింది."

గంగరాజు గారు నోరు తెరుచుకుని చూశారు. భయమేయడమా? సత్తిరాజు గారికా?

"మా డబ్బా మీద ఇక నుంచి ఊరు పేరు కూడా వేయిద్దామనుకుంటున్నాను. దాని పక్కన మీ పేరు. సగం సరుకు నాకిస్తే చాలు, సగం మీ సైటుకి ఉంటుంది. అది తరువాత మాట్లాడుకుందాం." ఆయన గేటు గొళ్ళెం మీద చెయ్యి వేసి ఆగారు. "ఆ పిలుపు నాక్కూడానా అండీ?"

అంతసేపట్లో అదొక్కటే 'అండీ' అని గంగరాజు గారికి అప్పుడు తట్టింది. పరుగున వెళ్ళి గేటు తీశారు. కామేశ్వరి గారు అప్పటికే అరటాకు కడుగుతోంది. సత్తిరాజు గారు కూర్చున్నారు. గంగరాజు గారు నేతిగిన్నెతో వంగారు. గిన్నె వంగింది వంగినట్టే ఉండిపోయింది, నెయ్యి కూరలోకి పాకింది.

ఈసారి ఆపమని ఎవరూ అనలేదు.